పాలు తగ్గాయంటే ముందు మాత్రల షీటు చూడండి: ప్రసవానంతర క్లినిక్కులకు ఒక బహిరంగ లేఖ

ప్రసవం వార్డుల్లో, కుటుంబ నియంత్రణ క్లినిక్కుల్లో పనిచేసే డాక్టర్లకు, నర్సులకు, కౌన్సెలర్లకు,

నమస్కారం.

ఆరో వారం చెకప్‌లో బాలింతకు కుట్లు చూస్తారు, బీపీ చూస్తారు, చివర్లో గర్భం రాకుండా ఏదో ఒకటి రాసిస్తారు. ఆ చివరి పని చాలాచోట్ల రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ రెండు నిమిషాల్లో అడగాల్సిన ఒక్క ప్రశ్న తరచూ మిగిలిపోతోంది: "బిడ్డకు మీ పాలే పడుతున్నారా? ఎంతవరకు?" మూడు వారాల తర్వాత అదే తల్లి పాలు చాలడం లేదని వస్తే బిడ్డను తూస్తారు, పాలపొడి డబ్బా రాస్తారు. తను రోజూ ఏ మాత్ర మింగుతోందో అడిగేవాళ్లు తక్కువ.

మేము పాలిచ్చే తల్లులకు సలహాలిచ్చే పనిలో ఉన్నవాళ్లం. గర్భనిరోధక సాధనాలకు మేము వ్యతిరేకం కాదు. పాలివ్వని బాలింతకు 25వ రోజు నాటికే అండం విడుదల కావచ్చు. కాన్పుకూ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం 24 నెలల ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాలు ఎండిపోతాయన్న భయంతో తల్లి ఏదీ వాడకుండా ఉండిపోతే, వెంటనే వచ్చే గర్భం ఆ పాలను ఇంకా గట్టిగా తగ్గిస్తుంది. కాబట్టి మా మనవి సాధనాలు మానిపించమని కాదు. పాలను కూడా బీపీలాగే మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టాక ఒకసారి చూడమని.

రొమ్ములో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. కానీ మందు రాసే వేళకు అది గుర్తుండటం లేదు. గర్భంతో ఉన్నన్నాళ్లూ పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ ఎంత ఉన్నా పాలు పొంగవు, మాయ నుంచి వచ్చే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ వాటిని పట్టి ఉంచుతుంది. మాయ బయటపడగానే ఆ పట్టు సడలుతుంది. రెండో రోజు నుంచి మూడో రోజు లోపల తల్లికి రొమ్ములు బరువెక్కి "పాలు పడ్డాయి" అని తెలుస్తుంది. 72 గంటలు దాటినా పడకపోతే ఆలస్యమైనట్టే. మాయ ముక్క లోపల మిగిలిపోయిన తల్లికి పాలు పడకపోవడానికి కారణం కూడా ఈ ప్రొజెస్టిరానే. అందుకే ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే మందు) ఇంజెక్షన్‌ను మొదటి రెండు మూడు రోజుల్లో ఇచ్చే విషయంలో జంకు ఉంది. ఒకసారి పాలు నిలదొక్కుకున్నాక రొమ్ము మీద ప్రొజెస్టిన్ ప్రభావం పెద్దగా ఉండదు. అప్పటినుంచి లెక్క మారుతుంది, తీసినకొద్దీ పడతాయి. రొమ్ము నిండుగా ఉండిపోతే ఆ రొమ్మే ఉత్పత్తి తగ్గించుకుంటుంది.

ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోన్ సంగతి వేరు. పాలు నిలదొక్కుకున్నాక కూడా అది ప్రొలాక్టిన్ పనికి రొమ్ము దగ్గరే అడ్డుపడుతుంది. ఒకప్పుడు పాలు ఎండబెట్టడానికి ఎక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ వాడేవారంటే ఇక వివరణ అక్కర్లేదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండూ ఉండే కంబైన్డ్ మాత్రల్లో ఇప్పుడు చాలావాటిలో ఇథినైల్ ఎస్ట్రడయాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) 20 నుంచి 35 మైక్రోగ్రాములే. తక్కువే, కానీ సున్నా కాదు. చర్మానికి అంటించే ప్యాచ్‌లోనూ, కంబైన్డ్ యోని రింగులోనూ ఇదే హార్మోన్ ఉంది. మాత్ర కాదు కదా అని వాటిని వేరే వరుసలో పెట్టకండి.

పరిశోధనలు ఏం చెబుతున్నాయో నిజాయితీగా చూద్దాం. 1980లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ హంగరీలోనూ థాయ్‌లాండ్‌లోనూ పాలను పిండి కొలిపించింది. 30 మైక్రోగ్రాముల ఇథినైల్ ఎస్ట్రడయాల్ ఉన్న కంబైన్డ్ మాత్ర వాడిన తల్లుల్లో 18 వారాల్లో పాలు 42 శాతం దాకా తగ్గాయి. ప్రొజెస్టిన్ ఒక్కటే ఉన్న మినీ పిల్ వాడినవాళ్లలో 12 శాతం, హార్మోన్లు వాడనివాళ్లలో 6 శాతం. పిల్లల ఎదుగుదలలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2012లో వచ్చిన ఇంకో ప్రయోగంలో ప్రసవమైన రెండు వారాలకే కొందరికి కంబైన్డ్ మాత్ర, కొందరికి మినీ పిల్ ఇచ్చి చూస్తే, ఎనిమిదో వారానికి పాలిస్తున్నవాళ్ల సంఖ్య రెండు గుంపుల్లో దాదాపు ఒకటే, 64 శాతం చొప్పున. దీన్ని చూపించి "ఈస్ట్రోజెన్‌తో ఏమీ కాదు" అనేవాళ్లున్నారు. ఆ ప్రయోగంలో హార్మోన్ వాడని గుంపే లేదు. కొలిచింది మిల్లీలీటర్లు కాదు, ఇంకా పాలిస్తున్నారా లేదా అన్నది. అది వేరే ప్రశ్న.

చర్మం కింద పెట్టే ఇంప్లాంట్, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ విషయంలో లెక్కలు ధైర్యాన్నిచ్చేవే. 2011లో ఇంప్లాంట్‌ను మొదటి మూడు రోజుల్లో పెట్టినా, 4 నుంచి 8 వారాల మధ్య పెట్టినా పాలు పడటానికి పట్టిన సమయం 64, 65 గంటలు. అంటే తేడా లేనట్టే. 2017లో లెవోనార్‌జెస్ట్రెల్ (ఒక ప్రొజెస్టిన్) ఉన్న లూప్‌ను ప్రసవం కాగానే పెట్టినవాళ్లలో ఎనిమిదో వారానికి 79 శాతం, ఆలస్యంగా పెట్టించుకున్నవాళ్లలో 84 శాతం పాలిస్తున్నారు. కానీ అదే రకం లూప్‌పై 2011లో వచ్చిన చిన్న అధ్యయనంలో ఆరో నెలకు ఇంకా పాలిస్తున్నవాళ్లు ప్రసవం కాగానే పెట్టించుకున్నవాళ్లలో 6 శాతం, ఆలస్యంగా పెట్టించుకున్నవాళ్లలో 24 శాతం. ఈ ప్రయోగాలు ఎక్కువగా నెలలు నిండాక కన్న, ఆరోగ్యంగా ఉన్న తల్లులపై జరిగినవి. పాలు అంచు మీద నడుస్తున్న తల్లి గురించి అవి చెప్పేది తక్కువ. సగటు తల్లికి ఏమీ కాదన్నది నిజం. మీ ఎదురుగా కూర్చున్న ఫలానా తల్లికి కాదన్న హామీ అందులో లేదు.

ఎవరికి ఏ గర్భనిరోధక సాధనం తగునో చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హతా ప్రమాణాల 2015 నాటి ఐదో ప్రచురణ మీ అందరి దగ్గరా ఉండేదే. పాలిచ్చే తల్లికి కంబైన్డ్ హార్మోన్లు ఆరు వారాల్లోపు నాలుగో కేటగిరీ, అంటే అసలు వాడకూడదు. ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా మూడో కేటగిరీ, మేలుకన్నా చేటే ఎక్కువని. ఆరు నెలల తర్వాత రెండోది, అంటే చేటుకన్నా మేలే ఎక్కువ. మినీ పిల్, ఇంప్లాంట్ ఆరు వారాల్లోపు రెండో కేటగిరీ, తర్వాత ఒకటోది, అంటే ఏ అడ్డూ లేదు. మూడు నెలలకోసారి ఇచ్చే ప్రొజెస్టిన్ ఇంజెక్షన్ డీఎంపీఏ ఆరు వారాల్లోపు మూడు, తర్వాత ఒకటి. కాపర్ టీకి హార్మోన్ గొడవే లేదు, ప్రసవమైన 48 గంటల్లోపు గానీ 4 వారాల తర్వాత గానీ పెట్టొచ్చు. మొదటి వారాల్లో ఈస్ట్రోజెన్ వద్దనడానికి పాలు ఒక్కటే కారణం కాదు, బాలింతకు ఆ రోజుల్లో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. అమెరికా నిబంధనలు కొంత సడలింపుగా ఉంటాయి. ఒక తల్లికి రెండు చోట్ల రెండు మాటలు వినబడటానికి ఇదొక కారణం.

ఇక మేము అడిగేది. సాధనం రాసే ముందు తల్లిని అడగండి: బిడ్డకు రోజుకు ఎన్నిసార్లు పడుతున్నారు, పైపాలు ఏమైనా కలుపుతున్నారా, మొదట్లో పాలు పడటం ఆలస్యమైందా, ముందు కాన్పులో పాలు చాలలేదా. దాంతోపాటు కాగితాల్లో చూడండి: నెలలు నిండకముందే కాన్పా, ప్రసవంలో రక్తం బాగా పోయిందా, రొమ్ముకు ఆపరేషన్ జరిగిందా, షుగరు, థైరాయిడ్, పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉన్నాయా. వీటిలో ఒకటి రెండున్నా ఆ తల్లి పాల దగ్గర అంచు మీద ఉన్నట్టు లెక్క వేసుకోవాలి. అలాంటి తల్లికి మొదటి మాట కాపర్ టీ, కండోమ్ కావాలి, ఇంజెక్షన్ కాదు. హార్మోన్లు లేని మాత్రగా ఆర్మెలాక్సిఫీన్ దొరికేచోట అదీ ఒక దారి: 30 మిల్లీగ్రాములు, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి.

ఇంజెక్షన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 150 మిల్లీగ్రాముల డీఎంపీఏ కండరంలోకి వెళ్లాక వెనక్కి తీయలేం. మూడు నెలలూ అది ఉండి తీరుతుంది. ఎక్కువమంది తల్లులకు పాల విషయంలో ఇబ్బంది రాదు, నిజమే. వచ్చిన తల్లికి మాత్రం చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అందుకే మేము చెప్పే వరుస ఇది: అనుమానం ఉన్న తల్లి హార్మోన్ సాధనమే కోరితే ఒక నెల మినీ పిల్ ఇచ్చి చూడండి. పాలు నిలిస్తే, బిడ్డ బరువు పెరుగుతుంటే ఇంజెక్షన్‌కో ఇంప్లాంట్‌కో వెళ్లండి. మాత్ర మానేస్తే కొద్ది రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. ఇంప్లాంట్ తీయించుకోవచ్చు, తీసిన వారం లోపు హార్మోన్ దాదాపు కనబడకుండా పోతుంది. ముందు వెనక్కి తీసుకోగలిగేది, తర్వాతే తీసుకోలేనిది. దీనికి మరీ పెద్ద పరిశోధన అక్కర్లేదు.

మినీ పిల్ రాస్తే దాని గడియారం కూడా చెప్పి పంపండి. 0.35 మిల్లీగ్రాముల నారెథిస్టిరాన్ మాత్ర మూడు గంటలు ఆలస్యమైతే తప్పినట్టే. వెంటనే వేసుకుని, రెండు రోజులు కండోమ్ వాడాలి. 75 మైక్రోగ్రాముల డెసోజెస్ట్రెల్‌కు 12 గంటల వెసులుబాటు ఉంది. ఈ రెండింటి షీట్లలో 28 మాత్రలూ మందే, వారం విరామం లేదు. నెలలో వారం ఆపాలనుకుని ఆపేసే తల్లులు ఉన్నారు, కంబైన్డ్ మాత్ర అలవాటు అది. బిడ్డ ఘనాహారం మొదలుపెట్టి, రాత్రి పాలు మానేశాక పాలివ్వడం వల్ల వచ్చే రక్షణ తగ్గుతుంది. మూడు గంటల మాత్ర వాడే తల్లి అప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ మాట ఆరో వారంలోనే చెప్పాలి, ఆరో నెలలో ఆమె మీ దగ్గరికి రాకపోవచ్చు.

ఫిట్స్ మందులైన ఫెనిటాయిన్, కార్బమజెపిన్, టీబీ మందు రిఫాంపిసిన్ వాడే తల్లికి మినీ పిల్, ఇంప్లాంట్ రెండూ సరిగా పనిచేయవు. ఇది పాలకు సంబంధించింది కాదు గానీ వదిలేయదగ్గదీ కాదు.

తన పాలు మాత్రమే పడుతూ, నెలసరి ఇంకా రాని తల్లికి బిడ్డ ఆరు నెలలు నిండేదాకా పాలివ్వడమే 98 శాతం రక్షణ. 1988లో ఇటలీలోని బెలాజియోలో నిపుణులు ఒప్పుకున్న మాట ఇది. ఇంకో షరతూ ఉంది, పగలు నాలుగు గంటలకు మించి, రాత్రి ఆరు గంటలకు మించి బిడ్డ పాలు లేకుండా ఉండకూడదు. ఈ షరతులన్నీ తీరుతున్న తల్లికి ఆరో వారంలోనే కంగారుగా హార్మోన్ అంటగట్టాల్సిన పనిలేదు. ఎప్పుడు మారాలో చెబితే చాలు: నెలసరి వస్తే, పైపాలు మొదలైతే, ఆరు నెలలు నిండితే. ఏది ముందైతే అది.

ఇప్పుడు కొలత. ఆరో వారం దగ్గర ఒక చిక్కుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే బిడ్డ ఒక్కసారిగా ఎక్కువసార్లు పాలు అడుగుతాడు, రొమ్ములు మెత్తబడతాయి, కారడం ఆగుతుంది. ఇదంతా మామూలే. తల్లి మాత్రం మొన్న మొదలుపెట్టిన మాత్రదే తప్పంటుంది. ఇదంతా మామూలేనని తెలిసిన మీరు, నిజంగా తగ్గినప్పుడూ అదే మాట చెప్పి పంపేస్తారు. రెండు వైపులా పొరపాటే, రెండింటినీ తీర్చేది తూకం ఒక్కటే. సాధనం మొదలుపెట్టే రోజు బిడ్డను బట్టలూ డయపరూ లేకుండా తూచండి. అదే త్రాసుపై పది రోజులకు, మళ్లీ నాలుగు వారాలకు తూచండి. మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి, మూడు నుంచి ఆరు నెలల మధ్య సుమారు 15 నుంచి 20. దానికన్నా తక్కువైతే, అందులోనూ ముందు బాగా పెరుగుతూ సాధనం మొదలుపెట్టాకే బరువు గీత వంగితే, అది రొమ్ములు మెత్తబడిన సంగతి కాదు.

రోజుకు ఆరు, అంతకన్నా ఎక్కువ తడి డయపర్లు మంచి గుర్తు. మలం లెక్క ఆరో వారం దాటాక పనికిరాదు, తల్లిపాలే తాగే బిడ్డ కొన్ని రోజులు వెళ్లకపోయినా మామూలే. పంపుతో తీస్తే ఎన్ని వస్తున్నాయన్నదీ నమ్మదగ్గ కొలత కాదు. బిడ్డ నోటికి వచ్చినన్ని పంపుకు రావు, అందులోనూ రొమ్ముకు ఆనించే పంపు గొట్టం సైజు తప్పైతే ఇంకా తక్కువ. ఎప్పుడూ పంపే వాడే తల్లికి మాత్రం అది పనికొస్తుంది: 24 గంటల మొత్తం రాసుకుని, మూడు రోజుల సగటు చూడాలి. ఒక్క పూట లెక్కతో నిర్ణయం వద్దు.

పాలు నిజంగా తగ్గాయని తేలితే మొదట షీటు తెప్పించండి. తల్లి నోటిమాటమీద వదిలేయకండి, పెట్టె మీద పేరు కూడా చాలదు, వెనకాల మందుల పేర్లు చదవండి. ఇథినైల్ ఎస్ట్రడయాల్ గానీ ఎస్ట్రడయాల్ గానీ కనబడితే అది కంబైన్డ్. "పాలిచ్చే తల్లి మాత్ర" అని అడిగితే దుకాణంలో కంబైన్డ్ షీటు చేతికి రావడం అరుదైన సంగతి కాదు. ఇంకో మారువేషం ఉంది. ఇంజెక్షన్‌తోనో ఇంప్లాంట్‌తోనో చుక్కలు చుక్కలుగా రక్తం కనబడుతుంటే, ఆపడానికి ఒక షీటు కంబైన్డ్ మాత్ర రాస్తారు. గర్భనిరోధక సాధనం కాలమ్‌లో అది ఎక్కదు, పాలు మాత్రం తగ్గుతాయి. నారెథిస్టిరాన్ 5 మిల్లీగ్రాముల మాత్రా అంతే. పేరు మినీ పిల్‌దే, మోతాదు దాదాపు 14 రెట్లు. పైగా అందులో కొంత ఒంట్లో ఇథినైల్ ఎస్ట్రడయాల్‌గా మారుతుంది.

షీటు మంచిదే అయితే మిగతా కారణాలు వెతకండి. గర్భ పరీక్ష ముందు చేయించండి, ఇది మరిచిపోయేవాళ్లు చాలామంది. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ 60 మిల్లీగ్రాముల ఒక్క మోతాదుతో ఒక చిన్న అధ్యయనంలో ఆ రోజు పాలు 24 శాతం తగ్గాయి. థైరాయిడ్ చూడండి. బిడ్డ రొమ్ము పట్టే తీరు చూడండి. తల్లి పనిలోకి తిరిగి వెళ్లిందా, రాత్రి పాలు మానిపించారా అడగండి.

కంబైన్డ్ మాత్రే కారణమైతే ఆపించండి, కానీ ఖాళీ చేతులతో పంపకండి. అదే రోజు నుంచి మినీ పిల్ మొదలుపెట్టొచ్చు, లేదంటే కాపర్ టీ పెట్టేదాకా కండోమ్. తర్వాత పాలు పెంచే పని. బిడ్డ కడుపు నింపడం మొదటిది. బరువు పడిపోయిన బిడ్డకు పైపాలు ఆపి, రొమ్మునే చీకించమనడం క్రూరత్వం, నీరసించిన బిడ్డ గట్టిగా చీకలేడు కూడా. తీసిన పాలో, లేకుంటే పాలపొడి పాలో కలుపుతూనే రోజుకు 8 నుంచి 12 సార్లు రొమ్ము ఇవ్వాలి. ప్రతిసారీ రెండు వైపులా, చీకడం నెమ్మదించినప్పుడు రొమ్మును చేత్తో నొక్కుతూ. తర్వాత పది పదిహేను నిమిషాలు పంపు. గొట్టం లోపలి వెడల్పు చనుమొన వ్యాసం కన్నా 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఎక్కువుంటే చాలు. పెద్దదైతే చనుమొన చుట్టూ నల్లటి భాగమూ లోపలికి లాగుతుంది, చిన్నదైతే రాసుకుపోయి పుండవుతుంది, రెండింటిలోనూ పాలు రావు. ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువ కాబట్టి అర్ధరాత్రి దాటాక ఒకసారైనా తీయాలి. రోజుకొక గంట ఇలా: 20 నిమిషాలు పంపు, 10 విశ్రాంతి, 10 పంపు, 10 విశ్రాంతి, 10 పంపు. ఆకలి ఎక్కువైన రోజుల్లో బిడ్డ కొంతసేపట్లోనే మళ్లీ మళ్లీ పాలడిగే తీరును ఇది అనుకరిస్తుంది. మార్పు కనబడటానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. పైపాలను తూకం చూసుకుంటూ కొంచెం కొంచెంగా తగ్గించాలి.

కంబైన్డ్ మాత్ర ఆపకుండా, పాలు పెంచడానికి డాంపెరిడోన్ అనే మందు రాయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఆ మందుకు గుండె లయపై ప్రభావం ఉంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, ఇతర మందులు వాడేవాళ్లకు మరీ జాగ్రత్త. పాలు తరచూ తీసే ఏర్పాటు లేకుండా అది ఒంటరిగా చేసేది కొంచెమే.

బిడ్డకు హార్మోన్ వెళుతుందేమోనన్న భయం తల్లులకు ఎక్కువ. ప్రొజెస్టిన్లు పాలలోకి వెళ్లేది చాలా తక్కువ, దానివల్ల బిడ్డకు హాని కనబడలేదు. ఆ ఒక్క మాట ముందే చెప్పండి, లేకపోతే ఇంటికెళ్లి మాత్ర పక్కన పెట్టేస్తుంది. అత్యవసర మాత్ర 1.5 మిల్లీగ్రాముల లెవోనార్‌జెస్ట్రెల్ అయితే పాలివ్వడం ఆపక్కర్లేదు.

మీ కార్డులో కుటుంబ నియంత్రణ గడి పక్కనే ఇంకో గడి కావాలి. అందులో నాలుగు సంగతులు పట్టాలి: తల్లిపాలు మాత్రమేనా, మొదలుపెట్టిన రోజు బిడ్డ బరువు, పదో రోజు బరువు, మందులో ఈస్ట్రోజెన్ ఉందా లేదా. కార్డు కింద తల్లికి కనబడేలా ఒక వాక్యం అచ్చు వేయించండి: "పాలు తగ్గినట్టనిపిస్తే మాత్ర మీరే ఆపేయకండి, ఈ షీటు తీసుకుని బిడ్డతో సహా వారంలోపు రండి."

ఇట్లు,
పాలిచ్చే తల్లులకు సలహాలిచ్చే నర్సులు, కౌన్సెలర్లు